బెంచ్ ప్రెస్‌లో ఛాతీ కండ తెగిందా? గుర్తుపట్టడం నుంచి మళ్లీ రాడ్ పట్టేదాకా

తిరుపతిలో నేను జిమ్ నేర్పించడం మొదలుపెట్టి పద్నాలుగేళ్లు. ఇన్నేళ్లలో ఛాతీ కండ తెగడం నా కళ్లముందే మూడుసార్లు జరిగింది. మొదటిసారి అదేమిటో నాకు తెలియలేదు. ఆ అబ్బాయి బెంచ్ ప్రెస్ చేస్తున్నాడు, అంటే బెంచీ మీద వెల్లకిలా పడుకుని బరువుల రాడ్‌ను ఛాతీ దాకా దించి మళ్లీ పైకి లేపడం. నూటపది కిలోలతో మూడో రెప్, అంటే మూడోసారి, కిందికి దించుతున్నాడు. రాడ్ ఛాతీకి నాలుగు వేళ్ల దూరంలో ఉండగా తడిగుడ్డ చింపినట్టు ఒక శబ్దం వచ్చింది. కుడిచేయి పట్టు వదిలేసింది, రాడ్ ఒక పక్కకి వాలిపోయింది, ఇద్దరం పట్టుకుని లేపాం. లేచి కూర్చుని ఎడమచేత్తో కుడి చంక అదుముకుంటూ "లోపల ఏదో తెగిందన్నా" అన్నాడు. "నరం పట్టేసుంటుందిలే, రెండ్రోజులు రెస్ట్ తీసుకో" అన్నాను నేను.

వారంలో నొప్పి తగ్గింది. బైక్ నడిపాడు, ఆఫీసుకెళ్లాడు, అన్నం కలుపుకుని తిన్నాడు. మూడో వారంలో ఎవరో చెప్పారని నూనె మర్దన కూడా చేయించుకున్నాడు. రెండు నెలల తర్వాత జిమ్‌కొచ్చి పుషప్ వేయబోతే ఒక్కటి కూడా లేవలేదు. అప్పుడు చొక్కా విప్పించి చూశాను. కుడి చంక ముందు ఉండాల్సిన కండ మడత లేనేలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళితే "మూడు వారాల్లోపు వచ్చుంటే పని తేలిగ్గా అయ్యేది" అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఈ గాయం మనల్ని మోసం చేసేది అక్కడే. నొప్పి తొందరగా తగ్గిపోతుంది, చేయి ఇంటి పనులకు బాగానే ఆడుతుంది. తెగిన టెండన్ (కండను ఎముకకు పట్టి ఉంచే పట్టీ) మాత్రం లోపల వెనక్కి జరుగుతూ, పక్కనున్న కండకు అతుక్కుపోతూ ఉంటుంది. నేను డాక్టరును కాను. రోగం తేల్చేదీ వైద్యం చేసేదీ వాళ్లే. ఆలస్యం కాకుండా, సరైన వివరాలతో వాళ్ల దగ్గరికి చేరేలా చూడడం మాత్రం మన చేతిలో ఉంది.

అన్నిటికంటే ముందు: ఇది గుండె నొప్పి కాదు కదా?

జిమ్‌లో ఛాతీ పట్టుకుని కూర్చున్న ప్రతివాడికీ కండే పట్టిందనుకోకూడదు. కండ తెగితే నొప్పి ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలరు, చేయి కదిపితే పెరుగుతుంది. అలా కాకుండా ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు, బిగించినట్టు ఉండి, చెమటలు పట్టి, నొప్పి దవడకో ఎడమచేతికో వీపుకో పాకుతుంటే, వాంతి వచ్చేలా ఉంటే, కళ్లు తిరుగుతుంటే అది గుండె నొప్పే అనుకుని కదలాలి. పాతికేళ్ల కుర్రాడైనా సరే. 108కి ఫోన్ చేయండి. బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లకండి. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు రెండూ దగ్గర్లోనే ఉన్నాయి. గ్యాస్ అయ్యుంటుందని సోడా తాగించి చూద్దామనుకునే ఆ పావుగంటే చాలా విలువైనది.

ఉన్నట్టుండి ఒక పక్క పొడిచినట్టు నొప్పి వచ్చి ఊపిరి అందకపోయినా అంతే. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఉండొచ్చు, అదీ ఎమర్జెన్సీయే.

సమస్య: శబ్దం వచ్చింది, చేయి బలం పోయింది

"టప్" మన్నట్టో, గుడ్డ చిరిగినట్టో ఉంటుంది. కొందరికి శబ్దం వినపడదు, ఏదో జారినట్టు తెలుస్తుంది. ఆ వెంటనే చంక దగ్గర మంట, చేయి లోపలికి లాక్కోలేకపోవడం. ఇలా జరిగితే ఎంత తెగిందో తేలేదాకా పెద్ద గాయమనే అనుకోండి.

సెట్టు ఆపేయాలి. "తక్కువ బరువుతో ఇంకొక్కసారి చూస్తా" అనే మాటే వద్దు. సగం తెగింది పూర్తిగా తెగేది ఆ ఇంకొక్కసారికే. మోచేయి మడిచి, అరచేయి పొట్టకు ఆనేలా పెట్టి, తుండుగుడ్డతో మెడకు వేలాడదీయండి. ఐసును గుడ్డలో చుట్టి పదిహేను ఇరవై నిమిషాలు పెట్టండి, మొదటి రెండు రోజులు రెండు మూడు గంటలకోసారి. ఐసు నేరుగా చర్మం మీద పెడితే కాలుతుంది. నొప్పికి పారాసిటమాల్ సరిపోతుంది. గుండెకో మరోదానికో రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నవాళ్లు ఆ రోజే డాక్టరును కలవాలి, లోపల నెత్తురు ఎక్కువగా కారుతుంది.

వేడినీళ్ల కాపడం, జండూబామ్ రుద్దడం, నూనె మర్దన ఇప్పుడేవీ వద్దు. అమ్మమ్మలు ప్రేమగానే ఆముదం వెచ్చబెట్టి తెస్తారు, వాళ్లకు నెమ్మదిగా చెప్పండి. తెగిన చోట రుద్దితే ఆగుతున్న నెత్తురు మళ్లీ కారుతుంది.

రాత్రి వెల్లకిలా పడుకుంటే మోచేయి వెనక్కి జారి లాగుతుంది. వీపు వెనక రెండు దిండ్లు వేసి కాస్త ఏటవాలుగా పడుకుని, మోచేతి కింద ఇంకో చిన్న దిండు పెట్టుకోండి. చొక్కా వేసుకునేటప్పుడు దెబ్బ తగిలిన చేతిని ముందు తొడగాలి, విప్పేటప్పుడు చివర్లో తీయాలి. చిన్న విషయంలా ఉంటుంది గానీ రోజుకు నాలుగుసార్లు ప్రాణం కుదుటపడేది దీంతోనే.

ఇంకొక పని. ఏ రోజు, ఏ టైముకు, ఎన్ని కిలోలతో, రాడ్ దించేటప్పుడా ఎత్తేటప్పుడా జరిగిందో ఫోన్‌లో రాసి పెట్టుకోండి. చొక్కా లేకుండా, పగటి వెలుతురులో, రెండు చంకలూ కనపడేలా రోజుకో ఫోటో తీయించుకోండి. డాక్టరుకు మీరు వంద మాటల్లో చెప్పలేనిది ఆ నాలుగు ఫోటోలు చెబుతాయి.

సమస్య: మరుసటి రోజు రెండు పక్కలా నొప్పి

శబ్దం లేదు, ఆ రోజు బాగానే ఉంది, తెల్లారి లేస్తే రెండు పక్కలా పట్టేసింది. ఇది అలవాటు లేని వ్యాయామం వల్ల వచ్చే కండ నొప్పి. కొద్ది రోజుల్లో తగ్గుతుంది. మెల్లగా నడవండి, నీళ్లు తాగండి, ఆ కండకు విశ్రాంతి ఇవ్వండి. మూత్రం కోలా రంగులో వస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కండ కరిగి కిడ్నీల మీద పడుతోందని అర్థం.

సమస్య: రొమ్ము ఎముక పక్కన వేలుతో నొక్కితేనే నొప్పి

పక్కటెముక రొమ్ము ఎముకను కలిసే చోట మెత్తటి ఎముక వాస్తే ఇలా ఉంటుంది. దగ్గినా, తుమ్మినా, డిప్స్ (రెండు కడ్డీల మధ్య చేతుల మీద దిగి లేవడం) వేసినా పొడుస్తుంది. చంక మడత మామూలుగా ఉంటుంది, చేతి బలం తగ్గదు. కొన్ని వారాలు డిప్స్, ఫ్లై (చేతులు పక్కలకు చాపి ముందుకు కలిపే వ్యాయామం) ఆపేస్తే చాలావరకు సర్దుకుంటుంది. ముందు చెప్పిన గుండె లక్షణాలేవీ లేవని డాక్టరు చేత చెప్పించుకున్నాకే ఈ మాట అనుకోండి.

సమస్య: చంక నుంచి మోచేతి దాకా కమిలిపోయింది

కండో టెండనో నిజంగా తెగితే లోపల కారిన నెత్తురు చర్మం కిందుగా దిగుతుంది. మొదటిరోజే కనపడదు. రెండో రోజో మూడో రోజో చంక కింద, దండచేయి లోపలి వైపు బయటపడుతుంది. పుస్తకాల్లో బొమ్మలు చూసి నీలంగా ఉంటుందనుకుంటాం. మన చాయ చర్మం మీద అది ముదురు గోధుమ రంగులోనో, వంకాయ రంగు నీడలానో ఉంటుంది. ట్యూబ్‌లైటు కింద తెలియకపోవచ్చు. కిటికీ పక్కన నిలబడి రెండో చేతితో పోల్చి చూడండి.

కమిలిన మచ్చ దండచేయి మీదికి దిగిందంటే దెబ్బ టెండన్ వైపు తగిలుండే అవకాశం ఎక్కువ. ఛాతీ మధ్యలోనే ఉండిపోతే కండ మధ్యభాగంలో తెగి ఉండొచ్చు. ఇది పక్కా లెక్క కాదు గానీ, మచ్చ కనపడిందంటే ఎముకల డాక్టరును ఆ వారంలోనే కలవాలి.

సమస్య: చంక ముందు మడత పోయింది

నేను చెప్పాలనుకున్న అసలు విషయం ఇదే, కాస్త నిదానంగా చదవండి.

మనం చెస్ట్ అని పిలిచే పెద్ద కండకు డాక్టర్లు పెక్టోరాలిస్ మేజర్ అని పేరు పెట్టారు. పైభాగం కాలర్ బోన్ దగ్గర, పెద్దదైన కిందిభాగం రొమ్ము ఎముక, పక్కటెముకల దగ్గర మొదలవుతాయి. రెండూ విసనకర్ర ఆకుల్లా ఒకచోటికి చేరి, వెడల్పాటి తెల్లని పట్టీగా మారి, దండచేయి ఎముక పైభాగానికి ముందువైపు అతుక్కుంటాయి. ఆ పట్టీయే టెండన్. అతుక్కునే ముందు అది ఒక మెలిక తిరుగుతుంది. ఛాతీలో అన్నిటికంటే కింద మొదలైన పోగులు ఎముక మీద అన్నిటికంటే పైన అతుక్కుంటాయి.

ఈ మెలిక వల్లే బెంచ్ ప్రెస్‌లో ప్రమాదం. రాడ్ ఛాతీకి దగ్గరవుతుంటే మోచేతులు వీపు కంటే కిందికి దిగుతాయి. అప్పుడు కింది పోగులు మిగతావాటికంటే ఎక్కువ సాగుతాయి. అవి సాగుతూనే బరువును ఆపడానికి బిగుసుకోవాలి. సాగడం, బిగుసుకోవడం రెండూ ఒకేసారి జరిగే ఆ అరసెకనులో పోగులు తెగుతాయి. అందుకే ఈ గాయం ఎక్కువగా రాడ్ దించేటప్పుడో, కింద నుంచి మళ్లీ లేపబోతున్నప్పుడో అవుతుంది. ఎక్కువగా ఇరవై నుంచి నలభై ఏళ్ల మగవాళ్లకే వస్తుంది. 1822లోనే పారిస్‌లో పటిసియే అనే వైద్యుడు మాంసం కొట్లో పనిచేసే ఒక అబ్బాయికి ఈ గాయం అయిందని రాసిపెట్టారు. ఆ తర్వాత చాలాకాలం ఇది అరుదైన సంగతే, బెంచ్ ప్రెస్ ఊరూరా వచ్చాకే పెరిగింది. కాబట్టి మామూలు క్లినిక్‌లో "కండ బెణికింది" అని పంపేస్తే ఆ డాక్టరు మీద కోపం పెట్టుకోకండి. వాళ్లు ఇలాంటిది ఒక్కటి కూడా చూసి ఉండకపోవచ్చు. మీరే గుర్తుచేయండి.

ఎలా చూసుకోవాలి? మొదటి రెండు మూడు రోజులు వాపు అన్నిటినీ కప్పేస్తుంది. నాలుగైదు రోజులకు నొప్పి కాస్త ఓర్చుకునేలా అయ్యాక అద్దం ముందు చొక్కా లేకుండా నిలబడండి. రెండు అరచేతులూ ఛాతీ ముందు నమస్కారం పెట్టినట్టు కలిపి, మెల్లగా ఒకదాన్నొకటి నొక్కండి. బలం పెట్టొద్దు. బాగున్న వైపు చంక ముందు కండ గోడలా లేచి నిలబడుతుంది. తెగిన వైపు ఆ గోడ పల్చబడుతుంది, లేదా అక్కడ గుంట కనపడుతుంది. కండ ముద్దలా రొమ్ము ఎముక వైపు జరిగి ఉబ్బుతుంది. చనుమొన కూడా కిందికో లోపలికో జరిగినట్టు ఉండొచ్చు.

ఇంకా నమ్మకంగా తెలియాలంటే చంక ముందు మడతను బొటనవేలు లోపల, నాలుగు వేళ్లు బయట పెట్టి పట్టుకోండి. నమస్కారం నొక్కినప్పుడు బాగున్న వైపు వేళ్ల మధ్య చేంతాడు బిగుసుకున్నట్టు తగులుతుంది. తెగిన వైపు చర్మం, దాని కింద మెత్తని కొవ్వు, అంతే. ఒకసారి ఆ తేడా వేళ్లకు తెలిసిందంటే ఇక మరిచిపోలేరు.

ఇక్కడ జాగ్రత్త పడాల్సిన సంగతి ఒకటుంది. కిందిభాగం మాత్రమే తెగి, కాలర్ బోన్ వైపు భాగం నిలిచి ఉంటే మడత కొంత మిగిలే ఉంటుంది. కండ మీద ఉండే పల్చటి పొర చేతిలోకి సాగి ఉంటుంది, అది కూడా తాడులాగే తగలొచ్చు. మడత ఉంది కదా అని నిశ్చింతగా ఉండిపోకండి. రెండో వైపుతో పోలిస్తే పల్చగా ఉన్నా అనుమానించాల్సిందే.

సమస్య: ఎంఆర్‌ఐ నార్మల్ అన్నారు, బలం మాత్రం లేదు

మా జిమ్‌లో ఈ గాయమైన రెండో అబ్బాయికి ఇదే జరిగింది. కారణం తెలిశాక ఎంత మామూలు విషయమో అనిపించింది. భుజానికి ఎంఆర్‌ఐ అని రాస్తే స్కానింగ్‌లో భుజం కీలు చుట్టూ మాత్రమే బొమ్మలు తీస్తారు. ఛాతీ టెండన్ అతుక్కునేది ఆ కీలు కంటే కిందుగా, దండచేయి ఎముక మీద. బొమ్మ అక్కడిదాకా రానే రాదు. తెగిన చోటు బొమ్మలోనే లేనప్పుడు రిపోర్టులో ఎలా వస్తుంది?

అందుకే చీటీ మీద "పెక్టోరాలిస్ మేజర్ తెగిందన్న అనుమానం" అని డాక్టరు చేత రాయించుకోండి. మెషీన్‌లో పడుకునే ముందే టెక్నీషియన్‌ను అడగండి, ఆ వైపు ఛాతీ, దండచేయి పైసగం రెండూ వస్తాయా అని. అడగడానికి మొహమాటపడకండి, డబ్బు కట్టేది మనమే, రెండోసారి తీయించుకోవాల్సిందీ మనమే.

అల్ట్రాసౌండ్‌కు ఖర్చు తక్కువ, తొందరగా అయిపోతుంది, చేయి కదుపుతూ చూడొచ్చు. అది చేసేవారి అనుభవం మీద చాలా ఆధారపడుతుంది. ఎక్స్‌రేలో కండ కనపడదు. అయినా తీస్తారు, టెండన్‌తోపాటు ఎముక ముక్క ఊడిందేమో, భుజం జారిందేమో తెలుసుకోవడానికి.

సమస్య: చేయి మొత్తం ఉబ్బి బరువెక్కింది

ఒక్క చంక దగ్గరే వాపు ఉంటే అది కండ సంగతి. భుజం నుంచి వేళ్ల దాకా ఉబ్బి, చేయి రంగు మారి, భుజం మీద నరాలు బయటికి తేలితే లోపల రక్తనాళంలో గడ్డ కట్టి ఉండొచ్చు. బరువులెత్తేవాళ్లకు ఇది అప్పుడప్పుడూ వస్తుంది. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, తెల్లారేదాకా ఆగొద్దు.

కట్టు కట్టిస్తే సరిపోదా?

మన ప్రాంతంలో దెబ్బ తగిలిందంటే ముందు నోట వచ్చే మాట పుత్తూరు కట్టు. తరతరాలుగా ఎముకలు కడుతున్న ఊరది, పక్క రాష్ట్రాల నుంచి కూడా జనం వస్తారు. ఆ నమ్మకాన్ని నేను తక్కువ చేయను. కట్టు చేసే పని కదలకుండా పట్టి ఉంచడం. విరిగిన ఎముక ముక్కలు ఎదురెదురుగా ఉంటే, కదలకుండా ఉంచితే అతుక్కుంటాయి. ఛాతీ టెండన్ ఎముక నుంచి పూర్తిగా ఊడిందంటే కండ దాన్ని రొమ్ము వైపు లాక్కుంటుంది. రెండు కొసల మధ్య కొన్ని సెంటీమీటర్ల ఖాళీ ఏర్పడుతుంది. పైనుంచి ఎంత గట్టిగా కట్టినా ఆ కొస వెనక్కి వచ్చి ఎముకను తాకదు. దాన్ని వెతికి, లాగి, కుట్టాల్సిందే.

పరిష్కారం: ఏది మానుతుంది, దేనికి సర్జరీ

బెణుకు, సగం తెగడం, కండ మధ్యలోనో రొమ్ము ఎముక వైపో తెగడం: ఇవి చాలావరకు సర్జరీ లేకుండానే మానతాయి. నొప్పి ఉన్నన్నాళ్లు, అంటే రెండు మూడు వారాలు, స్లింగ్, అదే చేతిని మెడకు వేలాడదీసే పట్టీ. తర్వాత ఫిజియోథెరపిస్టు దగ్గర మెల్లగా కదలిక. ఆరు వారాల తర్వాత రబ్బరు బ్యాండ్లతో మొదలు. మూడు నెలలు దాటాక తేలికపాటి బరువు.

టెండన్ ఎముక దగ్గరో, కండ టెండన్‌గా మారే చోటో పూర్తిగా తెగితే, బరువులెత్తేవాళ్లకు, చేతి బలంతో బతికేవాళ్లకు డాక్టర్లు సాధారణంగా సర్జరీయే చెబుతారు. వయసు మీరినవాళ్లు, వేరే జబ్బులు ఉన్నవాళ్లు సర్జరీ లేకుండా ఉండొచ్చు. ఇంటి పనులకు అడ్డం రాదు. తోసే బలం, రెండు చేతులతో హత్తుకుని ఎత్తే బలం మాత్రం పూర్తిగా తిరిగి రావు, ఛాతీ ఆకారం అలాగే ఉండిపోతుంది.

సర్జరీ అంటే చంక ముందు కొద్దిగా కోసి, వెనక్కి జరిగిన టెండన్ కొసను పట్టుకుని, గట్టి దారాలతో కుట్టి, దండచేయి ఎముకలో దారాన్ని పట్టి ఉంచే చిన్న యాంకర్లో, లోహపు బటన్లో వేసి అక్కడికే బిగిస్తారు. మొదటి మూడు వారాల్లో అయితే కొస తేలిగ్గా దొరుకుతుంది. ఆరు వారాల దాకా కూడా చాలామందికి నేరుగా కుట్టగలుగుతారు. ఆ తర్వాత కొస మచ్చకట్టి, కుంచించుకుపోయి, చుట్టుపక్కల అతుక్కుపోతుంది. అప్పుడు మోకాలి వెనక నుంచి ఇంకో టెండన్ తీసి అతుకు వేయాల్సి రావొచ్చు. మా జిమ్‌లో గాయమైన మొదటి అబ్బాయికి అదే చేశారు. ఆలస్యంగా చేసినా చేయించుకోనివాళ్ల కంటే బలం మెరుగ్గానే వస్తుంది. కాబట్టి ఆరు నెలలు దాటిపోయినవాళ్లు కూడా ఒకసారి చూపించుకోండి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఎముకల డాక్టరు అయితే చాలదు, భుజం సర్జరీలు తరచూ చేసేవారై ఉండాలి. తిరుపతిలో ఎముకలకు బర్డ్ ఆసుపత్రి ఉంది, ప్రైవేటు డాక్టర్లూ ఉన్నారు. చిత్తూరువాళ్లకు వేలూరు గంట దారి. అవసరమైతే చెన్నై. ఎక్కడికి వెళ్లినా ఒక్క ప్రశ్న అడగండి: "ఛాతీ టెండన్ ఇంతకుముందు కుట్టారా సార్?" మంచి డాక్టరు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు. లేదంటే చేసేవారి పేరు వాళ్లే చెబుతారు. అపాయింట్‌మెంటు పది రోజుల తర్వాత ఇస్తే, తెగిన తేదీ చెప్పి ముందుకు జరపమని బతిమాలైనా సరే జరిపించుకోండి.

సర్జరీ అయ్యాక వచ్చే ఇబ్బందులు

మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు స్లింగ్‌లోనే. చేయి పక్కకు చాపడం, బయటికి తిప్పడం, దేన్నైనా తోయడం కుదరదు. కుర్చీలోంచి ఆ చేతి మీద బలం పెట్టి లేవడం కూడా తోయడమే, చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. వేళ్లు, మణికట్టు మాత్రం రోజూ ఆడించాలి. మోచేయి ఎప్పటినుంచి, ఎంతవరకు అన్నది డాక్టరు చెప్పినట్టే. బైక్ నడపకూడదు, వెనక కూర్చున్నా గుంటల రోడ్డు మీద కుదుపులకు చేయి లాగుతుంది. ఆటో ఎక్కండి.

"లెగ్స్ అయినా చేస్తానన్నా" అని అందరూ అడుగుతారు. కుట్లు మానాక, డాక్టరు సరేనంటే కూర్చుని చేసే మెషీన్లు చేయొచ్చు. రాడ్ మెడ వెనక పెట్టి చేసే స్క్వాట్ వద్దు, ఆ పట్టులో చేయి వెనక్కి తిరిగి కుట్టు మీదే లాగుతుంది. నేల మీంచి రాడ్ లేపే డెడ్‌లిఫ్ట్ అసలే వద్దు. అలిపిరి మెట్లు ఎక్కాలని మొక్కుకున్నవాళ్లు స్లింగ్ తీసేదాకా ఆగండి. మెట్ల మీద కాలు జారితే మనిషి ముందు చాపేది చేతులనే.

కోసిన చోట ఎర్రబడి వేడిగా ఉన్నా, చీము కారినా, జ్వరం వచ్చినా ఫోన్‌లో అడిగి ఊరుకోకుండా నేరుగా వెళ్లండి. మళ్లీ శబ్దం వచ్చి మడత పల్చబడితే అదే రోజు వెళ్లండి. భుజం బిగుసుకుపోయిందని ఎనిమిదో వారంలో అందరూ భయపడతారు. చాలామందికి ఫిజియోథెరపీతో పన్నెండో వారానికి చేయి పూర్తిగా లేస్తుంది. ఇంట్లోవాళ్లు బలవంతంగా లాగి సాగదీయకూడదు.

పన్నెండు వారాల తర్వాత గోడకు చేతులానించి పుషప్. నాలుగైదు నెలలకు చిన్న డంబెల్స్. ఆరు నెలలకు, డాక్టరు ఒప్పుకుంటే, ఖాళీ రాడ్. ఒక్క రెప్‌కి ఎంత లేపగలనో చూసే పోటీ ఇక జీవితంలో వద్దని చాలామంది డాక్టర్లు చెబుతారు. నేనూ అదే చెబుతాను.

అసలు ఎందుకు తెగింది?

బరువు ఒక్కటే కారణం కాదు. రాడ్ మీద చేతులు మరీ దూరంగా పెడితే కింద పోగులు ఇంకా సాగుతాయి. రెండు భుజాల మధ్య దూరానికి ఒకటిన్నర రెట్లకు మించి పట్టు వెడల్పు ఉండకూడదు. మోచేతులు తొంభై డిగ్రీలు విప్పకుండా కాస్త పక్కలకు దగ్గరగా ఉంచాలి. రాడ్‌ను ఛాతీ మీద వదిలి ఎగరేయడం ఆపాలి. ఇంతకుముందు లాగినట్టు అనిపించినవాళ్లు నేల మీద పడుకుని ప్రెస్ చేయండి. మోచేతులు నేలను తాకగానే ఆగిపోతాయి, ప్రమాదమైన లోతుకు దిగవు.

స్టెరాయిడ్ల గురించి దాచకుండా చెబుతాను. ఇంజెక్షన్లతో కండ వారాల్లో పెరుగుతుంది. టెండన్‌కు రక్తం అందడం తక్కువ, అది గట్టిపడడానికి నెలలు పడుతుంది. పెద్ద కండ, పాత టెండన్. ఈ గాయం వచ్చినవాళ్లలో స్టెరాయిడ్లు వాడినవాళ్లు ఎక్కువగా కనపడతారని డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. మీరు వాడుతుంటే సర్జరీకి ముందు డాక్టరుకు నిజం చెప్పండి, మత్తుమందు ఇచ్చేవారికి ఆ సంగతి తెలియాలి. నొప్పి తగ్గి బరువు ఎత్తడానికని టెండన్ దగ్గర స్టెరాయిడ్ సూది వేయించుకోవడం కూడా మానండి.

విరేచనాలకో జ్వరానికో మందుల షాపులో అడిగి కొనే సిప్రోఫ్లాక్ససిన్, లెవోఫ్లాక్ససిన్ లాంటి యాంటీబయాటిక్స్ టెండన్‌ను బలహీనం చేయగలవు. డాక్టరు రాస్తే వేసుకోండి. వేసుకున్న రోజుల్లో, ఆ తర్వాత కొన్ని వారాలు భారీ బరువులు పెట్టకండి.

మా జిమ్‌లో గాయమైన మూడో అబ్బాయి చిత్తూరు నుంచి చదువు కోసం వచ్చినవాడు. శబ్దం విన్న రోజే స్లింగ్ వేయించాం, నాలుగో రోజు నమస్కారం పెట్టించి చూశాం, పన్నెండో రోజు సర్జరీ అయింది. ఏడో నెలలో డాక్టరు రాసిచ్చిన చీటీ పట్టుకుని జిమ్‌కొచ్చాడు. ఖాళీ రాడ్ కింద పడుకుని, ఎత్తబోయే ముందు ఆగి, "చంక దగ్గర చెయ్యి పెట్టి చూడన్నా" అన్నాడు. వేళ్లు పెట్టాను. రాడ్ స్టాండ్ మీంచి లేచింది, నా వేళ్ల కింద చేంతాడు మెల్లగా బిగుసుకుంది.